సత్తు పడవకు రాగి మేకులు

గోదావరి సముద్రంలో కలవబోయే చోట మొగలిలంక అనే చిన్న ఊళ్లో, "నాకు తెలియదు" అన్న మాట తప్ప అన్నీ తెలిసిన ఓలేటి పేర్రాజు అనే పడవల మేస్త్రి ఉండేవాడు.

వాన ఎప్పుడొస్తుందని అడిగినా చెప్పేవాడు. గేదె పాలు ఎందుకు చేపడం లేదని అడిగినా చెప్పేవాడు. తానెప్పుడూ చూడని ఊరికి కూడా దారి చెప్పి పంపేవాడు. అలా పోయినవాళ్లు ఏమయ్యారో ఆ గోదారి తల్లికే తెలియాలి. అలాగని ఆయన చేతగానివాడేం కాదు. చేతనైనవాళ్లకే ఈ జబ్బు ఎక్కువ. చెక్క పడవ పనిలో మాత్రం ఆ చుట్టుపక్కల లంకల్లో ఆయన మాటకు తిరుగులేదు. తాత, తండ్రి, తను, మూడు తరాలుగా వాళ్ల ఇంట్లో అదే వృత్తి.

మొగలిలంక చుట్టూ నీళ్లే. బడికైనా సంతకైనా ఆస్పత్రికైనా పాయ దాటాల్సిందే. ఊరి నావ కిందటేడు వరదకు కొట్టుకుపోయింది. అప్పుడు ఊరంతా కలిసి ఒక పాత అల్యూమినియం మోటారు పడవను వేలంలో పాడి తెచ్చుకున్నారు. అది ఏదో గోదాము వెనకాల ఏళ్ల తరబడి బోర్లా పడి ఉన్న పడవ. దాని కింద కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్నాయట. ఇంటింటా వాడే సత్తు గిన్నెల రేకే కాబట్టి, ఊళ్లో అందరూ దాన్ని సత్తు పడవ అన్నారు. దీన్ని బాగుచేయడం ఎవరివల్ల అవుతుందని జనం తలలు గోక్కుంటుంటే, పేర్రాజు ముందుకొచ్చాడు. చెక్కయితేనేం, రేకయితేనేం, పడవ పడవే అన్నాడు.

ఆయనకు ఆ పడవతో సొంత అవసరం కూడా ఉంది. కూతురు దుర్గాభవాని తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. శ్రావణంలో నెలలు నిండుతాయి. శ్రావణమంటే గోదారి ఒడ్లు ఒరుసుకుని పారే రోజులు. అల్లుడి తల్లిదండ్రులు అమ్మాయిని పట్నంలో తమ దగ్గరే ఉంచుకుంటామన్నారు. పేర్రాజు ఒప్పుకోలేదు. ఆస్పత్రి పాయకు అవతలే ఉంది, నా పడవలో పావుగంట ప్రయాణం, పిల్లను నేను దాటిస్తాను అని మాటిచ్చాడు. ఆ మాట విని వాళ్లు ఊరుకున్నారు.

చైత్రంలో పని మొదలైంది. పేర్రాజు పడవను తన పాకలో దిమ్మల మీద బోర్లించాడు. పెచ్చులు లేచిన పాత రంగంతా గోకి పారేశాడు. సొట్టలు పడ్డ అంచును కొయ్య సుత్తితో మెల్లగా కొట్టి సరిచేశాడు. కూర్చునే బల్లలు పుచ్చిపోతే కొత్తవి చేశాడు. ఇంజను బిగించే వెనక పలకను టేకుతో ఎంత నున్నగా చేశాడంటే, దాన్ని నీళ్లలో పెట్టడం పాపం అనిపించేది. అదంతా ఆయనకు వచ్చిన పని. చిక్కల్లా పడవ అడుగున ఉంది. అక్కడ రేకునూ రేకునూ కలిపే రివెట్లు చాలావరకు వదులైపోయాయి.

ఆ రోజుల్లోనే మీరా సాహెబు లంకకు వచ్చాడు. ఆయన ఊరూరా తిరిగి చిల్లులు పడ్డ గిన్నెలకు, బిందెలకు మాట్లు వేసే మనిషి. పేర్రాజు భార్య నూకరత్నం ఇచ్చిన డేగిసాకు మాటు వేస్తూ, ఆయన చూపు పాకలోకి పోయింది. లేచి వెళ్లి పడవ అడుగును చేత్తో తట్టి, చెవి ఆనించి విన్నాడు. తర్వాత వినయంగా, "మేస్త్రిగారూ, దీన్ని తిరగేసి లోపల నీళ్లు నింపండి. చిల్లు ఎక్కడుందో బయట అదే చెబుతుంది. గిన్నె అయినా ఇంతే" అన్నాడు.

పేర్రాజుకు ఒళ్లు మండింది. తాతకు దగ్గులు నేర్పినట్టుంది వరస అనుకున్నాడు. గిన్నెలు బాగుచేసేవాడు పడవల మేస్త్రికి పాఠం చెప్పడమా! నాకు తెలుసులే సాయిబూ అని పంపించేశాడు.

ఆయనకు తెలిసింది ఏమిటో వినండి. చెక్క పడవను చాలాకాలం ఎండలో ఉంచి నీళ్లలోకి దింపితే, మొదట అతుకుల్లోంచి నీరు కారుతుంది. నాలుగు రోజులు నానితే చెక్క ఉబ్బి, అతుకులు వాటంతట అవే బిగుసుకుంటాయి. మూడు తరాల అనుభవం అది, అందులో అబద్ధం లేదు. పేర్రాజు అదే నమ్మకంతో సత్తు పడవను పాయలోకి దింపాడు. అడుగునంతా నీరు ఊరింది. ఊరు కంగారుపడితే, నాలుగు రోజులు నాననివ్వండి, అదే సర్దుకుంటుంది అన్నాడు. నాలుగో రోజుకు పడవ మొత్తం నీళ్లలో కూర్చుంది. టేకు పలక ఒక్కటే పైకి కనబడుతోంది. దాని మీద ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

"నేను సత్తు గిన్నెలో రాత్రంతా పప్పు నానబెట్టాను. పప్పు ఉబ్బింది గానీ గిన్నె ఉబ్బలేదయ్యా" అంది నూకరత్నం.

ఒడ్డున ఉన్నవాళ్లందరూ నవ్వారు. పేర్రాజు నవ్వలేదు. అప్పుడైనా మీరా సాహెబుకు కబురు పెడితే కథ అక్కడితో అయిపోయేది. కానీ మనిషికి నవ్వులపాలు కావడం కంటే బాధ ఇంకోటి లేదు కదా. ఆయన పడవను మళ్లీ పాకలోకి లాగించి, తలుపు వేసుకున్నాడు. వదులైన రివెట్లు పీకేసి, తండ్రి కాలం నాటి పెట్టెలోంచి రాగి మేకులు తీశాడు. చెక్క పడవలకు రాగి మేకును మించింది లేదు. ఉప్పు నీళ్లలో కూడా తుప్పు పట్టదు. వాటిని బిగించి, తల మడిచి, పైన తారు పూశాడు. దాని మీద నీలం రంగు వేశాడు.

ఈసారి ఒక్క చుక్క కారలేదు. ఇంజను బిగించారు. పడవ ముక్కుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి ఊరంతా ఎక్కి తిరిగారు. పేర్రాజు మీసం మీద నుంచి చెయ్యి దిగలేదు.

జ్యేష్ఠంలో మీరా సాహెబు అదే పడవెక్కి లంకకు వచ్చాడు. ఏ రివెట్లు వేశారని మామూలుగా అడిగాడు. రాగి మేకులు అని పేర్రాజు గర్వంగా చెప్పాడు. సాహెబు ముఖం మారిపోయింది. సత్తుకు రాగి పడదనీ, మధ్యలో ఉప్పు నీరు చేరితే రాగి చెక్కుచెదరదు గానీ చుట్టూ ఉన్న సత్తును తినేస్తుందనీ, తాను సత్తు గిన్నెకు ఎప్పుడూ సత్తు మాటే వేస్తాననీ చెప్పాడు. ఎండాకాలంలో సముద్రం పోటు వస్తే ఆ పాయలో నీరు ఉప్పు కషాయమే. ఈ సంగతి పేర్రాజుకు నిజంగానే తెలియదు. అయినా పదిమంది ముందు ఆయన నోట వచ్చింది పాత మాటే. నాకు తెలుసులే సాయిబూ అన్నాడు.

ఆషాఢంలో ఒక ఉదయం పడవ అడుగున చారెడు నీళ్లు కనిపించాయి. మర్నాడు చెంబెడు. ఆ తర్వాత బిందెడు. పేర్రాజుకు సాహెబు మాట గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. రోజూ అందరికంటే ముందే లేచి, రేవుకు వెళ్లి, పాత నూనె డబ్బాతో నీళ్లు తోడేసి, బల్లలు తుడిచి వచ్చేవాడు. వరద ఎర్రనీరు తగ్గాక చూద్దాం అనుకునేవాడు. కాన్పు అయ్యాక చూద్దాం అనుకునేవాడు. కూతురు ఎదురుపడితే మాత్రం తల తిప్పుకునేవాడు. పాపం, ఆయనకు తిండి కూడా సరిగా సయించేది కాదు.

శ్రావణం రెండోవారంలో, మధ్యాహ్నం భోజనాల వేళ, భవానికి నొప్పులు మొదలయ్యాయి. లెక్కకు పది రోజులు ముందే. గోదారి నిండుగా ఉంది. భవానిని పడవలో పడుకోబెట్టి నూకరత్నం పక్కన కూర్చుంది. పేర్రాజు ఇంజను తాడు లాగాడు. అప్పుడైనా ఒక మాట చెబుదామనుకున్నాడు. అవతల ఒడ్డు దగ్గరే ఉన్నట్టు కనిపించింది. పావుగంటే కదా అని నోరు మూసుకున్నాడు.

వరద పాయలో పావుగంట అరగంట అవుతుందని పడవల మేస్త్రికి ఒకరు చెప్పాలా? నడిపాయలో సుడి పడవను ఒక్క కుదుపు కుదిపింది. రాగి తినేసిన రేకు అడుగున విడిపోయింది. చూస్తుండగానే నీరు చీలమండలు దాటింది. నూకరత్నం తోడటానికి ఏదైనా ఉందా అని వెతుక్కుంది. పేర్రాజు తన బల్ల కింద నుంచి నూనె డబ్బా తీసి ఇచ్చాడు. అది అక్కడ ఎందుకుందో ఆమెకు ఒక్క క్షణంలో అర్థమైంది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

"నెల నుంచి."

ఆమె చెంగు నడుముకు దోపింది. వంగి తోడటం మొదలుపెట్టింది. భవాని నొప్పి పళ్ల బిగువున ఓర్చుకుంటూ, తండ్రి కళ్లలోకి చూసింది. "తెలిసే ఎక్కించావా నాన్నా?" అంది. పేర్రాజు చూపు తిప్పుకుని ఒడ్డు కోసం వెతికాడు.

అవతల ఒడ్డు అందదని తేలిపోయింది. ఆయన పడవను దగ్గర్లోని తిప్ప మీద ఉన్న మడచెట్ల వైపు తిప్పి బురదలోకి ఎక్కించాడు. గొంతు చించుకుని కేకలు పెట్టాడు. అదృష్టం బాగుండి, దగ్గర్లో వల తీస్తున్న జాలరులు విన్నారు. వాళ్ల పడవలో భవానిని ఆస్పత్రికి చేర్చారు. పొద్దు వాలే వేళకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నారు. అందరూ పాపను చూస్తుంటే, పేర్రాజు మాత్రం వరండాలో బురద కాళ్లతో కూర్చుని పిల్లాడిలా ఏడ్చాడు. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు, పిలిచినా వెళ్లే ముఖం ఆయనకు లేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన మీరా సాహెబు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. సాహెబు వాకిట్లో ఒక తపేలాకు మాటు వేస్తున్నాడు. పేర్రాజు ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"రాగి సంగతి నాకు తెలియదు సాయిబూ. నువ్వు చెప్పిన రోజు కూడా తెలియదు. తెలుసని అబద్ధం చెప్పాను. నా కూతుర్ని ముంచబోయాను" అన్నాడు.

సాహెబు దెప్పలేదు. "చెక్క సంగతి నాకూ తెలియదు మేస్త్రిగారూ. పదండి" అని సంచి సర్దుకున్నాడు.

రెండు రోజులకు వరద కాస్త తగ్గగానే సత్తు పడవను లంకకు తెచ్చి దిమ్మల మీద నిలబెట్టారు. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి లోపల నింపారు. ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ సాహెబు సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. గుర్తులన్నీ రాగి మేకుల చుట్టూనే ఉన్నాయి. ఒక్కో మేకూ మిలమిలా మెరుస్తూ ఉంది. దాని చుట్టూ రేకు మాత్రం తెల్లగా పిండిలా రాలిపోతోంది. పేర్రాజు వాటిని ఒక్కొక్కటే స్వయంగా పీకాడు. పాడైన చోట కొత్త రేకు వేసి, సత్తు రివెట్లు బిగించారు. సాహెబు చెబుతుంటే పేర్రాజు సుత్తి పట్టాడు. తెలియని చోటల్లా ఆగి, ఇదెలా సాయిబూ అని ఊరందరి ముందే అడిగాడు. ఎవరూ నవ్వలేదు.

పాపకు మూడో నెల రాగానే భవాని అత్తవారింటికి బయల్దేరింది. రేవులో పడవ ఎక్కే ముందు ఆగి, తండ్రిని అడిగింది, గట్టిగా ఉందా అని. పేర్రాజు పాత అలవాటు కొద్దీ తెలుసు అనబోయి ఆగాడు. వంగి, అడుగున బల్లలన్నీ ఎత్తి, మూలమూలా చేత్తో తడిమి చూశాడు. పొడి చెయ్యి కూతురికి చూపించాడు. అప్పుడు భవాని పాపను ఆయన చేతుల్లో పెట్టి పడవెక్కింది.

నీతి: తెలియదని ఒప్పుకుంటే పోయేది కాసేపటి పరువు, తెలుసని బొంకితే మునిగేది మనల్ని నమ్మి పడవెక్కినవాళ్లు.