మసిలో దాగిన పసుపుచీర

అనగా అనగా, మన అమ్మమ్మల అమ్మమ్మకి కూడా ఇంకా పాలపళ్ళు ఊడని కాలంలో, శీతగిరి అని ఒక కొండపట్నం ఉండేది. దానికి రాజు జయకేతుడు. ఆ పట్నం బట్టలన్నీ ఉతికేది పోలమ్మ.

పోలమ్మకి ఒక్కగానొక్క కూతురు బంగారి. ఆమెను లోయకి అవతలి కొండమీది ఊరికి ఇచ్చారు. చూపుకి దగ్గరే, నడకకి బహుదూరం. మధ్యలో ఏరు, అడవి. తల్లి రేవు వదిలి కదలలేదు, కూతురు కాపురం వదిలి రాలేదు. అందుకని అత్తవారింటికి వెళ్తూ బంగారి ఒక మాట చెప్పింది. రోజూ పొద్దున్నే తన పసుపుచీర బండమీద ఆరేస్తుందట. అది కనబడితే తను చల్లగా ఉన్నట్టేనట.

అప్పటినుంచి పోలమ్మకి అలాగే తెల్లవారేది. అవతలి కొండమీద చింతాకంత పసుపు. "లేచింది నా తల్లి" అనుకుని, అప్పుడు బట్ట తడిపేది.

ఒక ఏడు పెద్దవాన కొండచరియను కోసేసింది. లోపలినుంచి నల్లరాయి బయటపడింది. నిప్పు తగిలితే ఆ రాయి మండింది. కట్టెకంటే వేడిగా, కట్టెకంటే ఎక్కువసేపు మండింది. జనం దానికి రాక్షసిబొగ్గు అని పేరు పెట్టారు.

దాన్ని చూసి మురిసినవాళ్ళలో పోలమ్మే ముందు. బట్టలు ఉడకబెట్టే బాన కింద నాలుగు రాళ్ళు తోస్తే చాలు. అడవికి పోయి మోపులు మోసే బాధ తప్పింది. మెడ తేలికపడింది.

కానీ ఇంటింటా అదే, వీధివీధినా అదే, కోటమీద వేడుకకీ అదే. ఎండాకాలంలో కూడా మంటలు ఆరలేదు. లోయంతా పొగ కమ్మింది. పిల్లలు దగ్గారు. ఆరేసిన పంచెలు మసిపట్టి మళ్ళీ రేవుకే వచ్చాయి. అవతలి కొండ మాయమైపోయింది.

పోలమ్మ రేవులో నిలబడి కళ్ళు చికిలించి చూసేది. పిల్ల నీళ్ళోసుకుందో ఏమో. జ్వరంతో పడుకుందో ఏమో. తడిబట్ట చేతిలోనే ఉండిపోయేది. తన బాన కింద పొగ లేస్తుంటే, తన చేత్తోనే కూతురిని కప్పేస్తున్నట్టు ఉండేది.

చివరికి ఆ మంటలన్నీ ఆర్పించమని రాజుగారినే అడుగుదామని బయలుదేరింది.

దారిలో కమ్మరి వీరాస్వామి ఎదురై, సంగతి విని, సుత్తి దించాడు. ఆ రాయి లేకపోతే ఇనుము సరిగ్గా మెత్తబడదనీ, నాగటికర్రులు మునుపటిలాగే వంగిపోతాయనీ చెప్పాడు. "మంట ఆర్పించు అత్తా, ఆర్పించు. తర్వాత నీ గోళ్ళతో దున్నుకుందాం" అన్నాడు.

మరికొంత దూరంలో ఒక బాలింత గుమ్మంలో కూర్చుని ఉంది. మంచుకాలంలో పుట్టిన బిడ్డని రాక్షసిబొగ్గు కుంపటి పక్కనే బతికించుకుంది. ఆమె కూడా సంగతి వింది. బిడ్డని తెచ్చి పోలమ్మ చేతుల్లో పెట్టింది.

కోట ముందు చెట్టుమీద వడ్రంగిపిట్ట పలికింది. రాయి రాకముందు అడవికి ఏటా గొడ్డలి పోటేనట. తన తాతలు గూళ్ళు కట్టిన చెట్లన్నీ శీతగిరి పొయ్యిల్లోకే పోయాయట. "పొగకి నా గొంతు మండుతోందమ్మా. గొడ్డలొస్తే ఆ గొంతూ ఉండదు" అంది.

కోటమెట్లు ఎక్కేసరికి, అడగాలనుకున్న మాట పోలమ్మ నోట్లోనే ఆగిపోయింది.

సభలో అప్పటికే తగువు. ఇంకా లోతుగా తవ్వి పొరుగూళ్ళకీ అమ్ముదామంటాడు రత్నశెట్టి. గనిని పూడ్చేద్దామంటాడు మంత్రి. రాజు పోలమ్మని చూసి, నీ మాటేమిటని అడిగాడు.

"దొరా, మీ ఇంట్లో ఊరగాయ జాడీ ఉందా?"

సభ నవ్వింది. ఉందన్నాడు రాజు.

"నిండుగా ఉంది కదా అని మూడుపూటలా అదే తింటామా? కడుపు మండుతుంది. మండింది కదా అని జాడీ పగలగొడతామా? కూర లేనిరోజు ఏం తింటాం? భూదేవి ఎప్పుడో ఊరేసి దాచుకుంది ఆ రాయిని. చలికి తీసుకోండి, కొలిమికి తీసుకోండి. తక్కిన పనులకి ఎండ ఉంది, గాలి ఉంది, ఏరు ఉంది. వాటిని అడగడం మానేశాం. నేనూ మానేశాను. ఎండకి తెల్లబడే బట్టని కూడా బానలో వేశాను. నా కూతురు ఎలా ఉందో నాకు తెలియడం లేదు దొరా."

ఈసారి సభ నవ్వలేదు.

రాజు వేడుక మంటలు ఆపించాడు. ఏటిమీద నీటిచక్రం, గుట్టమీద గాలిచక్రం పెట్టించాడు. చలికీ కొలిమికీ మాత్రం రాయిని ఉంచాడు. పొగ ఒక్కరోజులో పోలేదు. వానలు కడిగాయి, గాలులు తోశాయి. పోలమ్మ చూస్తూనే ఉంది.

ఒక పొద్దున అవతలి కొండ తేలింది. బండమీద పసుపు లేదు. పైన నల్లటి పొగ లేస్తోంది. సభలో అడగకముందే రత్నశెట్టి రాయి నింపిన బళ్ళు అక్కడికి చేరాయి మరి.

పోలమ్మ రేవుని చెల్లెలికి అప్పగించి నడిచింది. ఏరు దాటింది, అడవి దాటింది. వెళ్ళేసరికి బంగారి బాన కింద నల్లరాళ్ళు ఎగదోస్తోంది. తల్లిని చూసి అలాగే నిలబడిపోయింది.

"రోజూ ఆరేస్తూనే ఉన్నానమ్మా" అంది.

బండమీద చీర ఉంది. మసికి నల్లబడి, బండలో కలిసిపోయి ఉంది.

పోలమ్మ ఆ చీరను తీసి నీళ్ళలో ముంచింది. కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని, శీతగిరిలో ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పసాగింది.

అందుకే పిల్లలూ, నేలతల్లి దాచినదాన్ని అవసరానికి కొంచెం కొంచెంగా తీసుకోవాలి, ఆకాశం రోజూ ఇచ్చేదానితో రోజులు గడుపుకోవాలి. అతిగా మండించుకున్న మంట ముందుగా మనవాళ్ళనే మనకి కనబడకుండా చేస్తుంది.