అందరూ పలికిన బడి

అడిగినవాడికి అక్కడికక్కడే జవాబు చెప్పి పంపే అలవాటు అప్పలనరసయ్య పంతులుగారికి లేదు. ఎవరేం అడిగినా కండువా భుజాన వేసుకుని "పద, చూద్దాం" అనేవారు. ఆయన దగ్గరే చదువుకుని, ఆయన దీవెనతోనే పక్క ఊళ్లో బడి పెట్టుకున్న కామేశానికి ఈ సంగతి తెలియంది కాదు. అయినా ఒకరోజు వచ్చి అడగనే అడిగాడు.

"గురువుగారూ, మీ బడి సంతలా ఉంటుంది. ఒకడు పాడతాడు, ఒకడు మీ ఒళ్లోనే నిద్రపోతాడు. నా బడిలో ముప్ఫైమంది ఉన్నా చీమ చిటుక్కుమంటే వినబడుతుంది. ఇందులో ఏది మంచి బడంటారు?"

పేరుకి ప్రశ్నే గాని, అతనికి కావలసింది మెప్పు. పంతులుగారు మర్నాడు పొద్దున్నే కండువా వేసుకుని బయల్దేరారు.

కామేశం బడిలో కట్టుబాట్లు రెండే. మొదట వచ్చినవాడి అరచేతిలో శ్రీ రాస్తాడు, రెండోవాడి చేతిలో చుక్క పెడతాడు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా ఒక్కొక్కటే పెరుగుతూ పోతాయి. ఇది వీధిబళ్లలో పాతకాలం నుంచీ ఉన్నదే. చేతులు వరసగా వస్తూంటే మొహాలు చూసే తీరిక ఉండదు. రెండోది అతను సొంతంగా కనిపెట్టాడు. హాజరు పిలిచినప్పుడు ఎవరైనా పలక్కపోతే, రానివాణ్ణి వెంటబెట్టుకు రానందుకు వాడి పక్కన కూర్చునే ఇద్దరికీ చెరో ఆరు. ఈ పద్ధతి పెట్టి పదిహేను రోజులైంది. పలకని పేరంటూ లేదు. పట్టీలోంచి తల ఎత్తకుండా పేర్లు పిలుస్తూ కామేశం లోలోపల తెగ మురిసిపోతున్నాడు.

పంతులుగారు గోడవార చాప మీద కూర్చుని, పిల్లల్ని ఒకసారి కలయజూసి, "ఈ పూట హాజరు నేను పిలుస్తాను" అన్నారు. ముప్ఫై పేర్లూ పిలిచారు. ముప్ఫైసార్లూ "వచ్చానయ్యా" అని వినబడింది. కామేశం ఆశగా గురువుగారి మొహంలోకి చూశాడు. ఆయన పట్టీ మూసేసి, ఇంకో పేరు పిలిచారు.

"సింహాద్రీ!"

ఆ పేరు గల పిల్లవాడు ఆ బడిలోనే కాదు, ఆ ఊళ్లోనే లేడు. కామేశం ఆ మాట చెప్పబోయేలోగా కిటికీ వైపు నుంచి సన్నటి గొంతు పలికింది.

"వచ్చానయ్యా."

"సింహాద్రీ!" ఆయన మళ్లీ పిలిచారు.

"వచ్చానయ్యా." ఈసారి తలుపు వైపు నుంచి.

తలలన్నీ పలకల మీదికి వంగి ఉన్నాయి. ఏ పెదవి కదిలిందో తెలియలేదు. ఎండ గుమ్మం దాటి లోపలికి పరుచుకుని ఉంది, అయినా కామేశానికి వెన్నులో చలి పుట్టింది. తనకి తెలియని పిల్లవాడెవడో ఇన్నాళ్లూ తన బడిలో కూర్చుంటున్నాడేమోనని, నిజం చెప్పాలంటే, హడలిపోయాడు.

పంతులుగారు మూడో వరస వైపు వేలు చూపించారు. అక్కడ ఇద్దరు ఆడపిల్లల మధ్య ఒక పలక ఉంది. దాని వెనక ఎవరూ లేరు. పలక మీద, వేలితో రాస్తే అక్షరం పడేంత దుమ్ము పేరుకుని ఉంది. అది ఎవరి చోటో గుర్తు చేసుకోవడానికి కామేశానికి కొంతసేపు పట్టింది.

"పైడీ!" అన్నాడు.

"వచ్చానయ్యా!" అంది పక్కనున్న గున్నమ్మ, తనకు తెలియకుండానే. అనేసి గబుక్కున నోరు మూసుకుంది. ఆ పిల్ల కళ్లు బెత్తం వైపు తిరిగాయి.

పంతులుగారు వెళ్లి ఆ పిల్ల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "బెత్తం సంగతి నేను చూసుకుంటాను. పైడి ఏది తల్లీ?"

"పాత సున్నపు బట్టీలో ఉందయ్యా. ఇంటికాడ ముసల్దానికి నీలు మోసి వచ్చీసరికి రోజూ అందరికన్నా ఎనకైపోతాది. అన్ని దెబ్బలు తిననేక ఆ బట్టీలో దూరి కూకుంటంది. బడి ఇడిసీసినాక ఇంటికెల్లిపోయీది. నిన్న ఒల్లు కాలిపోతంది, నెగనేను, నడవనేనంది."

"రాత్రి ఇంటికి రాకపోతే వాళ్లవాళ్లు వెతకలేదా?" అన్నాడు కామేశం.

"అమ్మా అయ్యా కోతలకెల్లినారు. ముసల్దానికి సూపు నేదు కదయ్యా." గున్నమ్మ తల దించుకుంది. "రాత్రి ముసల్ది పైడీ అని పిలిస్తే గుమ్మంకాడ నిలబడి నానే పలికినాను."

కామేశం పరుగెత్తాడు. ఊరి చివర ఆ బట్టీ పాడుబడి చాలా ఏళ్లైంది. ముళ్లకంప తొలగిస్తే, మనిషి వంగి దూరేంత నోరు, లోపల చీకటి. ఆ చీకట్లోకి పిలిచాడు.

"పైడీ!"

చాలాసేపు ఏమీ వినబడలేదు. పలక్కపోవడమంటే ఏమిటో జీవితంలో మొదటిసారి అతనికి తెలిసింది. మళ్లీ పిలిచాడు. మూడోసారి పిలవబోతే ఏడుపొచ్చింది.

"వచ్చానయ్యా," అంది లోపలినుంచి ఒక గొంతు, గాలి కదిలినంత మెల్లగా.

"బయటికి రా అమ్మా!"

పిల్ల రాలేదు. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చింది. మోచేతి దాకా సున్నం పట్టి తెల్లగా ఉన్న చిన్న చెయ్యి. అరచేయి పైకి తిప్పి, వేళ్లు బిగబట్టి, దెబ్బలకి సిద్ధంగా చాపి ఉంచింది. ఆ చెయ్యి జ్వరంతో వణుకుతోంది గాని వెనక్కి పోలేదు.

కామేశం అప్పుడు తన చేతిలోకి చూసుకున్నాడు. బెత్తం ఉంది. బడిలోంచి పరుగెత్తేటప్పుడు ఎప్పుడు అందుకున్నాడో అతనికే తెలియదు.

పంతులుగారు వెనకనే ఆయాసపడుతూ వచ్చి నిలబడ్డారు. కండువా తీసి, పిల్లను కప్పి ఎత్తుకోవడానికి శిష్యుడి భుజాన వేశారు.

"చెయ్యి చాపింది కదా కామేశం," అన్నారు. "ఏం పెడతావో పెట్టు."