మోతీదాసు ఉపవాసం

నోరులేని జీవుల మొరను అందరికంటె ముందుగా ఆలకించే పశుపతికి మొదటి ప్రణామం. వాక్కునకు అధిదేవత అయిన భారతికి రెండవ ప్రణామం. మాట లేని చోట కూడా అర్థాన్ని గ్రహించే బుద్ధిని ఆ తల్లి మనకు దయచేయుగాక. ఇక చెప్పబోయేది నిడదవోలు వైకుంఠరావు కథ, అతని ఇంటి కుక్క మోతీ కథ.

నిడదవోలులో వైకుంఠరావు అనే గృహస్థు ఉండేవాడు. అతడు ఆచారవంతుడు, దయగలవాడు, కాని నలుగురి మెప్పు అంటే ప్రాణం పెట్టేవాడు. నీటిపారుదల శాఖలో ఉద్యోగం విరమించిన నాటినుండి ప్రతి ఏకాదశికీ ఉపవాసం ఉండేవాడు. ఆ సాయంత్రం ముందుగదిలో భజన జరిపించేవాడు. భజన ముగిసి లేచేవారు “రావుగారిది ఎంత నిష్ఠ” అని అనుకుంటారు గదా, ఆ మాట చెవిని పడేవరకు గుమ్మం వద్దనే నిలబడి ఉండేవాడు. అతని భార్య సుభద్రమ్మ మితభాషిణి. అయితే ఆమె కంటికి ఏదీ దాగేది కాదు.

మోతీని ఇంటికి తెచ్చినవాడు వైకుంఠరావే. ఒక వానాకాలంలో కాలువగట్టు మీద తడిసి వణుకుతున్న గోధుమరంగు కుక్కపిల్లను తన కండువాలో చుట్టి తెచ్చాడు. అది పెరిగి పెద్దదై, వయసు కొంచెం మళ్ళింది. తాను ఏది తిన్నా అందులో ఒక ముద్ద దానికి పెట్టనిదే అతనికి ముద్ద దిగేది కాదు. చక్కెరపొంగలి, బెల్లపుటుండ, రవ్వలడ్డు, అన్నింటిలోనూ మోతీకి భాగం ఉండేది.

ఆ యేడు రేబిస్ టీకా కోసం మోతీని స్టేషన్ రోడ్డులోని పశువైద్యశాలకు తీసుకువెళ్ళాడు. డాక్టర్ హైమవతి టీకా వేసి, దాని పెదవి ఎత్తి చూసింది.

“పళ్ళకు గార పట్టిందండి. తీపి పెడుతున్నారా?”

“తీపి కాదమ్మా, స్వామివారి ప్రసాదం.”

“ప్రసాదమైనా బెల్లం బెల్లమేనండి. దీని పంటికి ఆ తేడా తెలియదు. మానిపించండి. వారానికోసారి నోరు తెరిచి చూస్తూ ఉండండి. వీలు చూసుకుని తీసుకొస్తే గార తీసేస్తాను. ఇంకో మాట. కుక్క ఒక పూట తినకపోతే కనిపెట్టి ఉండండి. రెండో పూట కూడా ముట్టకపోతే ఇక్కడికి తీసుకురండి. ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడానికి దానికి వేరే భాష లేదు.”

వైకుంఠరావు వినయంగా తల ఊపాడు. తల ఊపడం అతనికి సులభమైన పని. ఇంటికి వచ్చిన సాయంత్రమే మోతీకి బెల్లపుటుండ పెట్టాడు.

“డాక్టరమ్మ వద్దన్నారు కదండీ,” అన్నది సుభద్రమ్మ.

“ప్రసాదం వద్దని ఎవరైనా అంటారా, సుభద్రా. ఆవిడ మామూలు తీపి సంగతి చెప్పారు.”

కొన్నాళ్ళు గడిచాయి. ఒక ఏకాదశి ఉదయం సుభద్రమ్మ పెట్టిన గిన్నెను మోతీ వాసన చూసి, ముఖం తిప్పుకొని, గుమ్మం పక్కన పడుకున్నది. మధ్యాహ్నమూ అంతే.

“వీడు ఇవాళ ఏమీ తినలేదండి.”

వైకుంఠరావు పంచాంగం నుండి తల ఎత్తాడు. “ఇవాళ ఏమిటి?”

“ఏమిటంటే? ఏకాదశి.”

అతని ముఖం మెల్లగా వికసించింది. భార్య వంక చూశాడు. మోతీ వంక చూశాడు. “సుభద్రా, వీడు ఉపవాసం ఉన్నాడు,” అన్నాడు.

ఆ సాయంత్రం భజనలో ఆ మాట అందరికీ చెప్పాడు. హార్మోనియం వాయించే నాగభూషణం కళ్ళు పెద్దవి చేసుకొని, “పూర్వజన్మలో ఏ భాగవతోత్తముడో అయి ఉంటాడు, రావుగారూ. లేకపోతే ఈ కొంపే వెతుక్కుంటూ ఎందుకు వస్తాడు?” అన్నాడు. వైకుంఠరావుకు అంతకు మించిన పారితోషికం లేదు. తరువాతి ఏకాదశికి కూడా మోతీ గిన్నె ముట్టలేదు. అంతటితో సంగతి స్థిరపడిపోయింది. మోతీ మోతీదాసు అయింది. వీధిలో వెళ్ళేవారు కూడా “దాసుగారు బాగున్నారా?” అని పలకరించసాగారు.

భజన జరుగుతున్నంతసేపు మోతీ తలను ఒక పక్కకు వాల్చి, కళ్ళు అరమోడ్చి పడుకొనేది. దాని ఎడమ కంటినుండి నీరు కారేది. అది చూచి ఒక ఇల్లాలు చేతులు జోడించి, “ఆనందబాష్పాలండీ,” అన్నది. ఆ తరువాతి ఏకాదశికి దానికి మల్లెపూల దండ వచ్చింది. ఆపైన బొట్టు పెట్టేవారు, పాదాలు తాకేవారు కూడా వచ్చారు.

అందరూ వెళ్ళాక సుభద్రమ్మ చీరచెంగుతో మోతీ కన్ను తుడుస్తూ, “ఏమండీ, భక్తి ఒక కంటికే వచ్చిందా?” అన్నది.

“నీకన్నీ వెటకారాలే.”

“రెండో కన్ను పొడిగా ఉంటే అడిగాను.”

పుష్యమాసపు చలి మొదలయింది. ముక్కోటి ఏకాదశి దగ్గరపడింది. ఇప్పుడు మోతీ మామూలు రోజులలో కూడా గిన్నెలో సగం విడిచిపెడుతున్నది. ద్వాదశినాడు పెట్టిన పెరుగన్నాన్ని నాకి వదిలేసింది.

“ద్వాదశికి కూడా ఉపవాసమేనా?” అని సుభద్రమ్మ అడిగింది.

“పారణ ఘడియ ఇంకా రాలేదేమో,” అని అతడు నవ్వాడు.

ఆమె నవ్వలేదు. “నోరు వాసన వేస్తోంది. ఈ చెంప చూడండి, ఉబ్బింది. ఒకసారి డాక్టరమ్మకు చూపిద్దాం.”

వైకుంఠరావు చూశాడు. చెంప ఉబ్బిన మాట నిజం. ఆ సంగతి అతనికి రెండు మూడు రోజులుగా తెలుసు. కాని ముక్కోటినాడు మోతీదాసును చూడడానికి కొవ్వూరు నుండి ఒక భజన బృందం వస్తున్నదని నాగభూషణం కబురు చెప్పి ఉన్నాడు. దాసుగారికి జబ్బు అని తెలిస్తే, ఇన్నాళ్ళ ఉపవాసమూ జబ్బేనని ఎవరైనా అనవచ్చు.

“పండుగ వెళ్ళనీ. మరునాడే తీసుకువెళదాం,” అన్నాడు.

ముక్కోటి ఏకాదశి తెల్లవారింది. మోతీ లేవలేదు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. దాని కింద నిమ్మకాయంత వాపు ఉన్నది. సుభద్రమ్మ చేయి వేసి చూసింది. ఒళ్ళు కాలిపోతున్నది. ఆమె చెప్పులు తొడుక్కొని వీధిలోకి వెళ్ళి ఆటోను పిలుచుకొని వచ్చింది.

“సాయంత్రం అంతమంది వస్తున్నారు, సుభద్రా.”

“వచ్చినవాళ్ళకు మీరు కాఫీలివ్వండి. నేను వీడిని తీసుకెళుతున్నాను.”

ఆమె ఒక్కతే మోతీని ఎత్తలేకపోయింది. అప్పుడు వైకుంఠరావు వంగి రెండు చేతులతో ఎత్తాడు. అది ఎంత తేలికైపోయిందో ఆ క్షణంలో అతనికి తెలిసింది. తానూ ఆటో ఎక్కి, దాని తలను ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు.

డాక్టర్ హైమవతి జ్వరం చూసింది. ఒంట్లో నీరు ఎంత తగ్గిందో తెలియడానికి మెడ మీద చర్మాన్ని పట్టి లాగి చూసింది. “ఎప్పటినుంచి తినడం లేదు?” అని అడిగింది.

వైకుంఠరావు గొంతు సవరించుకున్నాడు. “మొదట్లో ఏకాదశులకు మాత్రమేనమ్మా. ఉపవాసం ఉండేవాడు.”

డాక్టర్ సుభద్రమ్మ వైపు తిరిగింది. “ఏకాదశినాడు దీనికి ఏం పెడతారండి?”

“ఆ రోజు ఇంట్లో అన్నం వండమండి. బేకరీ రస్కులు పెడతాను.”

“మిగతా రోజులు?”

“పెరుగన్నం, మెత్తగా కలిపి.”

చెప్పిన మాట పూర్తి కాకముందే సుభద్రమ్మ నోటిమీద చేయి వేసుకున్నది.

“అంతేనండి. మెత్తనిది మింగగలిగాడు, గట్టిది కొరకలేకపోయాడు,” అంటూ డాక్టర్ మోతీ పెదవిని జాగ్రత్తగా ఎత్తి చూపింది. పైవరుసలో పెద్ద పన్ను ఒకటి పుచ్చి, నిలువునా చీలి ఉన్నది. చుట్టూ చిగురు నల్లబడింది. “ఈ పంటి వేరు కంటి కిందిదాకా వెళుతుంది. చీము అక్కడ చేరింది. ఆ కన్ను కారుతున్నది అందుకే.”

“భజనలో ఏడుస్తున్నాడనుకున్నాం,” అన్నాడు వైకుంఠరావు సన్నగా.

“ఏడ్చిన మాట నిజమేనండి. ఎందుకు ఏడ్చాడన్న దాంట్లోనే మీరు పొరబడ్డారు.”

సెలైన్ పెట్టి, ఇంజెక్షన్లు చేశాక ఆమె విషయం దాచకుండా చెప్పింది. పన్ను తీయాలి. కాని ఈ స్థితిలో మత్తు ఇస్తే మోతీ తట్టుకోలేదు. సాయంత్రం నుండి మెత్తగా ఉడికించి జారుగా చేసిన అన్నం కొంచెం కొంచెంగా పెడుతూ ఉండాలి, అందులోనే మందు కలపాలి. “ఈ రోజు కడుపులోకి ఏదైనా వెళ్ళి, నిలిస్తే రేపు పన్ను తీస్తాను. అసలు ముట్టకపోతే మాత్రం నేను భరోసా ఇవ్వలేను.”

“ఇవాళ ఏకాదశి,” అన్నాడు వైకుంఠరావు. ఆ మాట అతని నోటినుండి అలవాటుగా వచ్చేసింది.

“ఉపవాసం మీది కదండీ. ఆకలి వాడిది,” అన్నది డాక్టర్.

సాయంకాలానికి ముందుగది నిండిపోయింది. కొవ్వూరు బృందం తాళాలతో వచ్చింది. నాగభూషణం హార్మోనియం ముందు కూర్చొని దాసుగారి మహిమలు చెబుతున్నాడు. మోతీ గుమ్మం పక్కన తన గోనెపట్టా మీద పడి ఉన్నది. ఇంతలో వంటింట్లోనుండి కుక్కర్ కూత వేసింది. ముక్కోటినాడు ఆ ఇంట్లో కుక్కర్ కూయడం విని, తాళం వేయబోతున్న చేతులు ఆగిపోయాయి. అందరూ వైకుంఠరావు వంక చూశారు. అతడు లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

సుభద్రమ్మ అన్నాన్ని గరిటెతో మెదుపుతున్నది. “మీరు వెళ్ళి కూర్చోండి. వాడిని పెరట్లోకి మోయించి నేను తినిపిస్తాను. ఎవరికీ తెలియదు,” అన్నది. అందులో వెటకారం లేదు.

“మధ్యాహ్నం నీ చేత్తో పాలైనా తాగాడా?”

“లేదు. నోరు తెరవలేదు. మీ గొంతు వినపడినప్పుడు మాత్రం చెవి కదిపాడు.”

వైకుంఠరావు గిన్నె అందుకున్నాడు. జనం మధ్యనుండి నడిచి, మోతీ ఎదుట నేలమీద చతికిలపడ్డాడు. రెండు మెతుకులు వేలికి అంటించి దాని పెదవికి తాకించాడు.

“రావుగారూ, ఇదేమిటండీ? ముక్కోటినాడు దాసుగారికి వ్రతభంగమా?” అన్నాడు నాగభూషణం.

వైకుంఠరావు వెనక్కి తిరగలేదు. “దాసూ లేడు, వ్రతమూ లేదు, నాగభూషణం గారూ. వీడు మోతీ. పన్ను పుచ్చింది. నొప్పి చేసి తినలేకపోయాడు. నేను దానిని భక్తి అని ఊరంతా చాటుకున్నాను. డాక్టరమ్మ ముందే చెప్పింది. వినలేదు.”

కొవ్వూరు బృందంలోని పెద్దాయన, “మరి ఆ కన్నీళ్ళు?” అని అడిగాడు.

“పంటి చీమునీరండి.”

ఎవరో కిసుక్కున నవ్వారు. దండ తెచ్చిన ఇల్లాలు దానిని ఎవరికి వేయాలో తెలియక చేతిలోనే పట్టుకొని నిలబడింది. తరువాత మెల్లగా దేవుడి పటానికి వేసింది. “ఇంత దూరం పంటినొప్పి చూడడానికి వచ్చామా,” అంటూ కొందరు లేచి వెళ్ళిపోయారు. ఆ మాట వైకుంఠరావు చెవిని స్పష్టంగా పడింది. అతడు మాత్రం చేయి తీయలేదు. “తినరా నాన్నా. తిను. వాళ్ళ గొడవ మనకెందుకు?” అంటున్నాడు.

చాలాసేపటికి మోతీ నాలుక బయటికి వచ్చింది. వేలిని ఒకసారి నాకింది. రెండు మెతుకులు మింగింది. కొంచెం ఆగి మళ్ళీ నాకింది.

“భజన మొదలుపెట్టమంటారా?” అని నాగభూషణం అడిగాడు.

“మీరు కానివ్వండి. నాకు ఇక్కడ పని ఉంది,” అన్నాడు వైకుంఠరావు.

మరునాడు డాక్టర్ హైమవతి పన్ను తీసింది. వాపు దిగింది, కన్ను తెరుచుకున్నది, కారడం ఆగింది. కాలక్రమంలో మోతీ గట్టి రొట్టెను కూడా కుడివైపు నమలడం నేర్చుకున్నది. ఆ ఇంట్లో బెల్లపుటుండలు దాని వైపు రావడం మానేశాయి. భజనకు వచ్చేవారు సగానికి సగం తగ్గారు. నాగభూషణం కనబడినప్పుడల్లా “మీ దాసుగారు సంసారంలో పడ్డారటగా,” అని వేళాకోళం చేసేవాడు. “పడ్డాడండి, రెండు పూటలా తింటున్నాడు,” అని వైకుంఠరావు జవాబు చెప్పేవాడు.

కాబట్టి నోరులేని ప్రాణి తిండి మానినప్పుడు దానిలో మన గొప్పను వెతకరాదు, దాని బాధను వెతకాలి. వైద్యుని మాటకు తల ఊపి విడువక చేతితో ఆచరించాలి. ఈ కథ విన్నవారికీ, చదివినవారికీ, వారి గడపను నమ్ముకొన్న మూగజీవాలకూ ఆకలివేళకు అన్నమూ, నొప్పివేళకు వైద్యమూ లోటు లేకుండా కలుగుగాక.