పచ్చ అంచున ముడులు

గురువారం సాయంత్రం నాలుగూ పదికి లింగమూర్తి మాస్టారు అరుగు మీద కూర్చుని చొక్కాకు ఊడిన గుండీ కుట్టుకుంటున్నారు. పార్వతీపురంలో ఆయన ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో క్రాఫ్టు టీచరుగా పనిచేశారు. రిటైరై తొమ్మిదేళ్లయినా పాత విద్యార్థులు ఏదో ఒక సందేహం పట్టుకుని వస్తూనే ఉంటారు. ఆ సందేహాలు ఇప్పుడు కుట్టుపని గురించి కావు. గురువుగారూ అని పిలిస్తే ఆయన పలకరు, మాస్టారూ అనాలి. ఇంకో అలవాటు కూడా ఉంది. చేతికి ఏది ఇచ్చినా, పట్టుచీరయినా గోనెసంచీ అయినా, ముందు తిరగేసి చూస్తారు.

ఆ రోజు వచ్చినామె పేరు జగదీశ్వరి. పోస్టాఫీసులో గుమాస్తా. చేతిలో పెద్ద సంచీ ఉంది. అందులో సగంలో ఆగిపోయిన బొంత.

"మాస్టారూ, ఇంటి పనుల మధ్య చేతిపని పెట్టుకుంటే సంతోషం ఉంటుందని క్లాసులో చెప్పేవారు. నాకు దొరికింది. మా అత్తగారు పోయాక మళ్లీ కనిపించలేదు. అది నా చేతిపనిలో ఉండేదా, ఆవిడ ఎదురుగా కూర్చోవడంలో ఉండేదా? ఆదివారం లోపల నాకు తెలియాలి."

"ఆదివారం ఏముంది?"

"మా ఆడపడుచు వరాలు వస్తోంది. వాళ్లమ్మ కుట్టిన సగం కోసి ఇమ్మంటోంది."

ఆమె చెప్పిన సంగతి ఇది. అత్తగారు పైడమ్మకూ ఆమెకూ పదకొండేళ్లలో మనసు విప్పి మాట్లాడుకున్న మాటలు తక్కువ. పులుసులో ఉప్పు, కుళాయి నీళ్లు, పిల్ల చదువు, అంతవరకే. రెండేళ్ల కిందట పైడమ్మ పాత చీరలు పొరలుగా పరిచి బొంత మొదలుపెట్టింది. కోడల్ని ఎదుటి వైపు కూర్చోమంది. బొంతకు ఇద్దరుంటే ఒకరు ఈ కొస నుంచీ మరొకరు ఆ కొస నుంచీ వరసలు కుట్టుకుంటూ మధ్యకు రావాలి. రెండు వైపులా సమంగా రాకపోతే గుడ్డ ఒక పక్కకు లాగుతుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగి, కుక్కరు పొయ్యి మీద పెట్టి జగదీశ్వరి కూర్చునేది. మూడో కూత వినబడగానే లేచిపోయేది. రోజుకు అరగంట కూడా ఉండదు.

"ఆ అరగంటా తిట్లే, మాస్టారూ. 'నీ కుట్లు చూస్తే మీ పోస్టాఫీసు ముద్రలు గుర్తొస్తున్నాయే, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ' అనేది. నేను నవ్వేదాన్ని. ఆవిడ నవ్వేది కాదు. అయినా ఆఫీసులో మూడు దాటితే చాలు, నా ధ్యాస ఇంటి మీదే. ఇప్పుడు అదే వేళకు బొంత పరుచుకుంటాను. సూది దిగదు. ఎదురుగా గోడ ఉంటుంది."

పైడమ్మ చనిపోయి నాలుగు నెలలు. మధ్యలో మూరెడు వెడల్పున కుట్టని గుడ్డ మిగిలింది. అక్కడ కత్తెర వేస్తే ఎవరి సగం వాళ్లకు వెళ్లిపోతుందని వరాలు ఫోనులో చెప్పింది. జగదీశ్వరి భర్తకు కూడా అది న్యాయంగానే తోచింది.

"నిజానికి ఆవిడది కాస్త మందకొడి చెయ్యి అనుకునేదాన్ని," అంది జగదీశ్వరి. "రోజంతా ఇంట్లోనే ఉండేది. అయినా నేను వచ్చేసరికి రెండు వైపులా సమంగా ఉండేవి. నేను రెండు రోజులు కూర్చోకపోయినా సమంగానే ఉండేవి. నాకోసం ఆగేదేమో. ఒకసారి ఇన్ని వరసలు నేనే కుట్టానా అంటే, 'చూసుకుని మురిసిపోతూ కూర్చుంటే ఎప్పుడు కుడతావే' అని కసిరింది."

మాస్టారు గుండీ సూదిని చొక్కాకే గుచ్చి, బొంతను అరుగు మీద పరిపించారు. దానికి ఒక పక్క పొడుగునా ఎర్ర చీర అంచు, మరో పక్క పచ్చ అంచు ఉన్నాయి. అలవాటు ప్రకారం దాన్ని తిరగేసి, వంగి, వరసల మొదళ్లలో ముడులు తడిమి చూశారు. చాలాసేపు చూశారు.

"మీ అత్తగారిది ఎడమచేతి వాటమా?"

"అవును. మీకెలా తెలుసు?"

"నువ్వు వరస ఎక్కడ మొదలుపెడతావు?"

"ఎర్ర అంచు దగ్గర. అది నా కుడి వైపు ఉంటుంది. ఎదుటి వైపు నుంచి ఆవిడకు అదే ఎడమ. ఇద్దరం అక్కడే ముడేసి మొదలుపెట్టేవాళ్లం. చేతులు తగిలేవి కూడాను."

"అయితే పచ్చ అంచున ముడి ఉండకూడదు."

"ఉండదు. వరస చివర ముడెయ్యం, వెనక్కి రెండు కుట్లేసి తెంపేస్తాం."

బొంతను మళ్లీ మామూలుగా పరిచి, ఆమెను ఎప్పుడూ కూర్చునే వైపే కూర్చోమన్నారు. గుండీ దారం తెంపి, సూది ఆమె ఎడమచేతికి ఇచ్చారు.

"ఈ చేత్తో ఒక వరస మొదలుపెట్టు."

"ఎడమచేత్తో నాకేం వస్తుంది, మాస్టారూ! చూస్తే మా అత్తగారు లేచొచ్చి తిడుతుంది."

"కుట్టక్కర్లేదు. ఎక్కడ మొదలుపెడతావో చూద్దాం."

ఆమె నవ్వుతూనే ఎడమచేతిని ఎర్ర అంచు దాకా చాపింది. చెయ్యి ఒంటికి అడ్డం పడింది, సూది తిరగలేదు. కాస్త సర్దుకుని చూసింది, కుదరలేదు. చెయ్యి తనంతట తానే వెనక్కి వచ్చి పచ్చ అంచు దగ్గర ఆగింది. అప్పుడు మాస్టారు ఆ అంచును మడతపెట్టి అడుగు వైపు చూపించారు. అక్కడ, ఆమె వైపు వరసలకే, ముడులున్నాయి. ఒకటీ రెండూ కాదు.

జగదీశ్వరి నవ్వు ఆగిపోయింది. ఒక్కో ముడినీ వేలితో తాకుతూ కొంతదూరం వెళ్లింది. రెండేళ్లలో ఆ బొంతను ఆమె ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు. మడత విప్పడం, కుట్టడం, మళ్లీ అలాగే మడతపెట్టడం, అంతే.

"మధ్యాహ్నాలు," అంది చివరికి. "నేను ఆఫీసులో ఉన్నప్పుడు వచ్చి నా చోట కూర్చునేది."

మాస్టారు మడతపెట్టిన అంచును అలాగే పట్టుకున్నారు.

"కానీ కుట్లు నావే, మాస్టారూ. ఇవి చూడండి, ఎంత వంకరో. ఆవిడ కుట్టు చీమల బారులా ఉండేది. ఎదుటి సగం చూడండి, అదీ ఆవిడ కుట్టు. నా వైపు ఒక్కటి కూడా అలా లేదు. అన్నీ పెద్దవే, అన్నీ పక్కకు పోయినవే."

మాస్టారు సూది వెనక్కి తీసుకున్నారు. దారం మళ్లీ ఎక్కించడానికి ఆయనకు రెండు ప్రయత్నాలు పట్టాయి. గుండీ మీద నాలుగు కుట్లు వేసి, దారం పంటితో తెంపారు.

"అరవై ఏళ్లు తిన్నగా కుట్టిన చేతికి," అన్నారు, "నీలా వంకరగా కుట్టడం చాలా కష్టమమ్మా."

ఆమె బొంతను మడిచింది. ఈసారి అడుగు వైపు పైకి వచ్చేలా మడిచింది. చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లి, ఏదో అడగబోయినట్టు తిరిగి చూసింది. మాస్టారు చొక్కా తొడుక్కుంటున్నారు. అడగకుండానే వెళ్లిపోయింది.

మిగతా సంగతి మరుసటి బుధవారం ఆమె బొంతతో మళ్లీ వచ్చినప్పుడు మాస్టారికి తెలిసింది. ఆదివారం వరాలు కత్తెర తెచ్చుకునే వచ్చింది. ఆడపడుచూ వదినా బొంత తిరగేసి, జగదీశ్వరి వైపు వరసలు రెండుసార్లు లెక్కపెట్టారు. మొత్తం నలభై ఆరు. వాటిలో ఇరవై తొమ్మిదింటి ముడులు పచ్చ అంచున ఉన్నాయి. వరాలు ఖాళీ సంచీతో బస్సెక్కింది. మధ్యలో మిగిలిన మూరెడు గుడ్డలో, పైడమ్మ వైపు, ఇప్పుడు కొత్తగా రెండు వరసలు పడ్డాయి. కుట్లు చిన్నవిగా, తిన్నగా రావాలని కష్టపడ్డట్టు తెలుస్తుంది. పైడమ్మ చోట కూర్చుంటే జగదీశ్వరికి కుడి పక్కన ఉండేది పచ్చ అంచు. ఆ రెండింటి ముడులూ పచ్చ అంచునే ఉన్నాయి.