మేయోకి వచ్చిన పేరు

బ్రదర్ డెక్లన్ రాస్తున్న పుస్తకం ఒక్క పేరు దగ్గర ఆగిపోయింది.

ఐర్లండులో ప్రతి కౌంటీకీ, అంటే ప్రతి జిల్లాకీ, జనం పెట్టుకున్న మారుపేరు ఒకటుంటుంది. ఆ పేర్లు ఎలా వచ్చాయో రాయాలని డెక్లన్ నాలుగేళ్లుగా మఠంలో పాత కాగితాలతో కుస్తీ పడుతున్నాడు. రాజు మీద తిరగబడింది కాబట్టి కార్క్ తిరుగుబాటు కౌంటీ. పూర్వం రాజులు కొలువుతీరిన చోటు కాబట్టి మీత్ రాచ కౌంటీ. వెక్స్‌ఫర్డ్ వాళ్లు నడుముకి పసుపు గుడ్డ చుట్టుకుని ఆటకి దిగారట, అప్పట్నుంచీ వాళ్లు పసుపుపొట్టల వాళ్లు.

పడమటి కొసనున్న మేయో మాత్రం కొరుకుడు పడలేదు. ఎవరైనా "మాది మేయో" అంటే చాలు, విన్నవాళ్లు "దేవుడే కాపాడాలి" అంటారు. పోనుపోను అదే ఆ కౌంటీ పేరైపోయింది. ఎవరు మొదలెట్టారో ఏ కాగితంలోనూ లేదు.

చివరికి తన గురువు ఫాదర్ మలాకీని అడిగాడు. డెబ్భై ఏళ్ల ఆ పెద్దాయన ఇప్పుడు మఠం గేటు దగ్గర ఆకలితో వచ్చేవాళ్లకి గంజి పోస్తున్నారు.

"రేపు పొద్దున్న గేటు దగ్గరికి రా," అన్నారాయన.

గేటంటేనే డెక్లన్‌కి భయం. రెండేళ్లుగా, పేదలకి అదొక్కటే తిండైన బంగాళాదుంప పంట నేలలోనే కుళ్లిపోతోంది. పడమటి నుంచి జనం నడిచి వస్తున్నారు. వాళ్లతోపాటు విషజ్వరమూ వస్తోంది. గంజి పోసిన ఇద్దరు బ్రదర్లని ఈ నెలలోనే సమాధి చేశారు. అందులో ఒకతను డెక్లన్ పక్కగదిలో ఉండేవాడు. నాలుగు రోజులు గోడ అవతల అతని మూలుగు వినిపించింది. ఐదో రోజు వినిపించలేదు.

పొద్దున్నే వెళ్లాడు. వెళ్లక తప్పలేదు. గేటు బయట నాలుగు మెట్లు, కింద మంచులో బారుగా జనం. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. దగ్గులు మాత్రం వినిపిస్తున్నాయి.

"వచ్చినవాళ్ల పేరూ కౌంటీ అడిగి రాసుకో," అని ఫాదర్ గంజి కుండ దగ్గరికి వెళ్లారు.

మొదట ఒక ఆడమనిషి వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, ముఖం చూస్తే అరవై. పేరు ఓనా అంది.

"ఏ కౌంటీ?"

"మేయో, బ్రదర్."

ఆమె మెడ మీద విషజ్వరపు ఎర్రటి మచ్చలు కనిపించాయి. డెక్లన్ కాలు దానంతటదే వెనక్కి పడింది. వీపు గేటుకి తగిలింది.

"దేవుడే మమ్మల్ని కాపాడాలి," అన్నాడు.

ఆమె ఏమీ అనుకున్నట్టు లేదు. తన చెక్కగిన్నె మెట్టు మీద పెట్టి, ఆరడుగులు వెనక్కి నడిచి నిలబడింది. ఎవరూ చెప్పకుండానే. గిన్నె నింపేవాళ్లకి ఎంత దూరం కావాలో ఆమెకి బాగా తెలుసు.

ఫాదర్ మలాకీ వచ్చి గిన్నె తీసుకున్నారు. గంజి పోశారు. మెట్లన్నీ దిగి, ఆరడుగులూ నడిచి, ఆమె చేతికిచ్చారు. ఆమె చేతులు వణికి గంజి ఒలకబోతుంటే, తన చేతులు ఆమె చేతుల మీద వేసి పట్టుకున్నారు.

"తాగు తల్లీ. దేవుడే మనల్ని కాపాడాలి."

ఆమె తాగడం అయ్యేదాకా అలాగే నిలబడ్డారు.

ఆయన పైకొచ్చాక డెక్లన్ మెల్లగా అడిగాడు. "మీకు భయం వెయ్యదా ఫాదర్?"

ఆయన కుడిచెయ్యి చాపారు. డెక్లన్ ఆ చేతికేసి చూశాడు, ముట్టుకోలేదు. ఆయనే అతని మణికట్టు పట్టుకున్నారు. చల్లగా, చెమటగా ఉంది ఆ చెయ్యి. ఆకులా వణుకుతోంది.

"మొదటి రోజు నుంచీ ఇంతే," అన్నారు.

ఆయన మణికట్టు వదిలాక డెక్లన్ అడిగాడు. "ఇంతకీ ఆ మాట మొదట అన్నదెవరు ఫాదర్?"

"నాకూ తెలియదు నాయనా. పై మెట్టు మీద నిలబడి అన్నారో, కింద నిలబడి అన్నారో, అదీ తెలియదు."

ఆయన మళ్లీ కుండ దగ్గరికి వెళ్లిపోయారు.

బారులో తర్వాతి మనిషి ఒక ముసలాయన. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, రెండోది ఎక్కలేక తూలాడు. డెక్లన్ కలం కింద పెట్టాడు. భయం పోలేదు. ఆ భయంతోనే దిగి, ముసలాయన చంక కింద భుజం పెట్టాడు. ఒంటి వేడి అంగీలోంచి తగిలింది.

"మాది..." అని ముసలాయన అలవాటుగా చెప్పబోయాడు.

"ముందు మెట్టు చూసుకో తాతా," అన్నాడు డెక్లన్.