పోలమ్మ వాగు

“పోలమ్మ వాగు ఒడ్డున కూర్చోవడం తప్ప ఏం చేస్తుందండీ? ఊరంతా ఆమెనే ఎందుకు పొగుడుతుంది?” అని తవిటినాయుడు గురువు అప్పలాచార్యులను అడిగాడు. అడగకూడదని చాలా రోజులు ఆపుకున్నాడు గానీ అతని వల్ల కాలేదు.

ఆశ్రమం పైన కొండలో వదిలేసిన రాగి గని ఉంది. దాని సొరంగంలోంచి ఎర్రటి పుల్లనీళ్ళు కారి కింది పొలాలను చంపుతుండేవి. తవిటినాయుడు ఐదేళ్ళు సున్నం బస్తాలు మోసి ఆ నీళ్ళలో కలిపాడు. కలిపిన పూట తేటపడేవి, మర్నాటికి మళ్ళీ ఎరుపే. తర్వాత ఆశ్రమంలో శిష్యురాలిగా చేరిన పోలమ్మ కాలువలో సున్నపురాళ్ళు పరిచి, మూడు మడుగులు తవ్వించి, నీళ్ళు నిలిచేలా వాటి తూములకు చెక్క పలకలు దించి, జమ్ముగడ్డి నాటింది. నీళ్ళు రాళ్ళ మీదుగా మెల్లగా పారి, మడుగుల్లో నిలిచి, ఎర్రమడ్డిని అడుగున వదిలేసి దిగేవి. మూడో ఏడు వాగులో చేపలు కనిపించాయి. జనం దాన్ని పోలమ్మ వాగు అనసాగారు. ఆ పేరు విన్న రోజు తవిటినాయుడికి అన్నం సయించేది కాదు.

అతని ప్రశ్న విని గురువు “నెల రోజులు మడుగులు నువ్వు చూసుకో,” అన్నారు.

చెల్లెలి ఊరికి బయల్దేరుతూ పోలమ్మ చెప్పింది: “అన్నా, జమ్ము కొయ్యకు. పలకలు ఎత్తకు. అంతే.”

వచ్చిన ప్రతివాళ్ళూ “పోలమ్మ లేదా?” అనే అడిగారు. వారం తిరిగేసరికి, తన పనితనం వీళ్ళకు చూపించాలనిపించింది అతనికి. జమ్ము కోయించాడు, మడ్డి తోడించాడు, నీళ్ళు చురుగ్గా పారాలని పలకలు ఎత్తేశాడు. నాలుగో నాటికి ఎర్రనీళ్ళు సోకి కింద నారుమళ్ళు మాడాయి. చేపలు తెల్లబడి తేలాయి.

కబురందుకుని పోలమ్మ తిరిగొచ్చింది. అతణ్ణి ఒక్క మాట అనలేదు. పలకలు దించి, బురదలోకి దిగి, మళ్ళీ నాటడానికి మిగిలిన జమ్ము దుంపలు ఏరసాగింది. ఒడ్డున నిలబడ్డ రైతులు కోపం దిగమింగి ఆమె వెనకే దిగారు. అది చూసి కూడా అతనికి కుళ్ళే పుట్టింది.

ఆ సాయంత్రం గురువు దగ్గరికి వెళ్ళి, తల వంచుకుని జరిగిందంతా తనే చెప్పాడు.

“ఆమె నన్ను తిట్టినా బాగుండేది. ఇంత చేసినా ఆమె మీద ఏడుపు పోలేదండీ.”

“ఉండనీ నాయనా,” అన్నారు అప్పలాచార్యులు. “రేపు ఆమెకు దుంపలు అందించు. వాటికి ఎండ తగలనీకు, వాడితే మళ్ళీ మొలవవు.”