ఊగల్లు గట్టవ్వ మహిమ

పూర్వం గట్టవ్వతల్లి వెలసిన ఈ కొండసీమను ఏలిన చినసింగభూపతి, జాతరనాడు అమ్మవారి సన్నిధిలో పాడే భాగ్యం ఏ పాటగాని వంశానికి దక్కాలో నిర్ణయించే భారాన్ని సోమనారాధ్యులనే సంగీతకోవిదునికి అప్పగించాడు. ఆయన చెవి బహు నిక్కచ్చి. అపస్వరాన్ని అమ్మవారైనా మన్నిస్తుందేమోగాని ఆరాధ్యులవారు మన్నించరని పాటగాళ్లు చాటున నవ్వుకునేవారు. ఆయన చేతి బెత్తం నేలను తాకిందంటే పాడేవాడు కొండ దిగవలసిందే. వాని వంశంలో మరెవరూ ఆ సన్నిధిలో పాడరాదు.

జనం మెప్పు తన తీర్పును ఎటూ లాగకూడదని ఆయన మరొక కట్టడి చేశారు. పాట సాగుతుండగా వినేవారెవరూ తల ఊపరాదు, ఊకొట్టరాదు. తామూ గుడి ముందరి నల్లగుండు రాతికి చేరగిలి, దానికి తోబుట్టువులా కదలక మెదలక కూర్చునేవారు.

ఆ యేడు కిన్నెర పోచాలు వంతు వచ్చింది. తాతముత్తాతలనాటి నుంచి గట్టవ్వ కథ పాడుతున్న ఇల్లు అతనిది. అతడు చరణం ముగించి ఆగితే ఎడమపక్కన కూర్చున్న భార్య రాజవ్వ ఊకొట్టేది. ఆ ఊ చెవిన పడితేనే తరువాతి చరణం అతని నోటికొచ్చేది. ఆమె ఆ వేసవిలోనే కన్నుమూసింది. ఆ సంగతి ఆరాధ్యులకు తెలియదు.

పోచాలు తల్లి పుట్టుకను పాడుతుంటే ఆరాధ్యులకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇన్నాళ్లూ విన్న సంగీతమంతా ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు అనిపించింది. అంతలో చరణం ముగిసింది. పోచాలు అలవాటుకొద్దీ ఎడమవైపు తిరిగి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. కిన్నెర మీద వేళ్లు అలాగే నిలిచిపోయాయి. జనమంతా కట్టడికి వెరచి పెదవులు బిగబట్టారు. ఆరాధ్యుల గొంతులోనూ ఊ కదిలింది, కాని తాము పెట్టిన కట్టడిని తామే మీరడమెలా? పాట మరచిపోయాడనుకుని, మనసు మెలిపెడుతున్నా బెత్తం పైకెత్తారు.

"ఇగ నాతోని గాదు తల్లీ," అన్నాడు పోచాలు మెల్లగా. "ఊకొట్టేటామె లేదు. కథ ఎవలకు చెప్పాలె?"

అప్పుడు నల్లగుండు "ఊఁ" అంది.

ఆ నాదం ఆరాధ్యుల వెన్నులోంచి శిరస్సుదాకా పాకింది. కొండ మీద ఉన్న ప్రతి ప్రాణీ విన్నది. ఎత్తిన బెత్తం మరి నేలను తాకలేదు. ఆయన దానిని రెండుగా విరిచి అమ్మవారి పాదాల చెంత ఉంచి, పోచాలు ఎడమపక్కన ఖాళీగా ఉన్న చోట మట్టిలో కూర్చుని "ఊఁ" అన్నారు. పోచాలు పాట అందుకున్నాడు.

ఊఁ అన్న కల్లు, అంటే రాయి, వెలసిన చోటు గనుక ఇది ఊగల్లయింది. కొత్తగా వచ్చినవారు పేరు విని, రాయి ఊగుతుంది కాబోలని భుజం పెట్టి నెట్టి చూస్తారు; ఊరివారు చూసి నవ్వుకుంటారు. నేటికీ జాతరలో పాటల బాగోగులు తేల్చవచ్చిన పెద్దలకు ఎత్తుపీటలుండవు, పాటగాని ఎడమవైపు నేల మీదనే కూర్చుని ఊకొట్టాలి. తోడు లేని పాటగాడు మాత్రం నల్లగుండును ఎడమవైపు ఉంచుకుని పాడతాడు. అతడు చరణం ముగించి ఆగగానే కొండ మీది జనమంతా కాసేపు నోరు మెదపరు. ముందుగా ఊకొట్టే హక్కు ఆ రాతిది.